మీసం లేని హిట్లరు

మీసం లేని హిట్లరుని ఎప్పుడైనా చూశారా? జర్మనీ వాళ్ళు చూశారు. 2017 అక్టోబరులో వుల్ఫెన్‌స్టైన్ సిరీస్‌లో 'ది న్యూ కొలోసస్' అనే గేము వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలే గెలిచి, 1961 నాటికి అమెరికాని కూడా ఏలుతూ ఉంటే ఎలా ఉంటుందీ అన్న ఊహ మీద అల్లిన కథ. అందులో ఒకచోట ముసలి హిట్లరు కనిపిస్తాడు. మిగతా ప్రపంచంలో అమ్మిన వెర్షనులో అతనికి ఆ ప్రసిద్ధ మీసం ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు "మైన్ ఫ్యూరర్" అంటూ వణుకుతుంటారు. జర్మనీలో అమ్మిన వెర్షనులో మాత్రం మూతి నున్నగా ఉంటుంది. పేరు హెర్ హైలర్ (నిజం, నేను కల్పించింది కాదు). అందరూ అతన్ని "ఛాన్సలర్" అంటారు. జెండాల మీద నాజీ గుర్తు బదులు కంపెనీ వాళ్ళు గీసుకున్న వేరే గుర్తు. నాజీలు అన్న మాటే లేదు, 'రెజీమ్' అంటారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నవ్వు రాని సంగతి ఇంకోటి ఉంది. ఆ ఆటలో హీరో తల్లి యూదు స్త్రీ. కన్నతండ్రే ఆమెని నాజీలకి పట్టించాడని కథలో తెలుస్తుంది. హీరో కోపానికీ, కథకీ అదే వేరు. జర్మనీ వెర్షనులో యూదుల ప్రస్తావనని చెరిపేసి, ఆ చోట 'ద్రోహులు' లాంటి మాటలు పెట్టారు. అంటే నాజీల నేరాన్ని మళ్ళీ ఎవరూ తలకెత్తుకోకూడదని రాసుకున్న చట్టానికి భయపడి, నాజీలని కాల్చే ఆటలోంచి చచ్చిపోయిన యూదులని మాయం చేశారన్నమాట. ఇలా ఎలా జరిగిందో తెలుసుకోవాలని తవ్వుకుంటూ పోతే ముప్ఫై నలభై ఏళ్ళ చరిత్ర బయటపడింది. దాని గురించే ఈ టపా.

మన సాఫ్టువేరు జనం దగ్గర గేముల నిషేధం మాటెత్తితే వెంటనే వచ్చే జవాబు ఒకటే: "వీపీఎన్ వేసుకుంటే సరి, గోలేముంది?" నిజమే, తెలిసినవాడికి నిషేధం దాటడం ఏ కాలంలోనూ పెద్ద పని కాలేదు. ఫ్లాపీల కాలంలో కూడా కాలేదు. అసలు దెబ్బ తగిలేది దాటడం తెలియనివాడికి, లేదా దాటడం ఇష్టం లేనివాడికి. షాపులో దొరికిన డబ్బా డబ్బిచ్చి కొనుక్కుని, ఇదే అసలు ఆట అనుకునేవాడికి. జర్మనీ కథంతా అదే.

మొదలు 1954లో. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం బాన్‌లో ఒక సంస్థ పెట్టింది. యువతకి హాని చేసే ప్రచురణలని పరిశీలించడం దాని పని. పొడుగాటి జర్మన్ పేరు రాస్తే మీకూ నాకూ నోరు తిరగదు కాబట్టి 'బాన్ సంస్థ' అనుకుందాం. అప్పటికి కంప్యూటరు గేములెక్కడివి? చవకబారు నవలలు, కామిక్సు దాని గురి. మొదట్లోనే దాని చేతికి చిక్కినవాటిలో టార్జాన్ కామిక్ ఉందంటే ఆ రోజుల భయాలు ఎలాంటివో అర్థం చేసుకోవచ్చు. పన్నెండుమంది సభ్యుల బోర్డు. చర్చి మనిషి, టీచరు, కళాకారుడు, ప్రచురణకర్త ఇలా రకరకాల వాళ్ళు కూర్చుని ఓటు వేస్తారు. హానికరం అనుకుంటే ఆ వస్తువు 'ఇండెక్సు'లోకి ఎక్కుతుంది.

ఇండెక్సు అంటే పూర్తి నిషేధం కాదు, ఇది చాలామంది పొరబడే చోటు. పెద్దవాళ్ళు కొనుక్కోవచ్చు, ఆడుకోవచ్చు. కానీ పిల్లలు తిరిగే చోట దాన్ని కనబడేలా పెట్టకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, పోస్టులో పంపకూడదు. అంటే షాపువాడు దాన్ని కౌంటరు కింద దాచుకోవాలి, మీరు పేరు పెట్టి అడగాలి. అడగాలంటే ఆ పేరు ముందు మీకు తెలియాలి కదా? ప్రకటన లేదు. పత్రికలవాళ్ళు సమీక్ష రాస్తే అది కూడా ప్రకటన కిందికి వస్తుందేమోనని జంకేవాళ్ళు. పెద్ద షాపులు ఈ తలనొప్పంతా మనకెందుకని అసలు తెప్పించడమే మానేసేవి. చట్టం నిషేధించకపోయినా వ్యాపారం నిషేధించేది.

1984 డిసెంబరులో ఈ జాబితాలోకి మొదటిసారి వీడియో గేములు ఎక్కాయి. వాటిలో ఒకటి రివర్ రెయిడ్. ఇంజనీరింగు చదివినవాళ్ళెవరైనా ఈ గేము దగ్గర ఒక్క నిమిషం ఆగి దణ్ణం పెట్టుకోవాలి. 1982లో యాక్టివిజన్ కంపెనీలో క్యారల్ షా అనే ఆవిడ అటారీ 2600 కోసం రాసింది. మొత్తం ప్రోగ్రాము 4 కిలోబైట్లు. మనం ఇవాళ రాసే ఒక్క ఎర్రరు లాగు అంతకంటే పెద్దది. అంత చిన్న చోట అంత పొడుగు నదిని దాచడం కుదరదు గనక, షిఫ్ట్ రిజిస్టరుతో నకిలీ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి, వాటితో నది ఒడ్డుని అప్పటికప్పుడు గీయించింది. మొదలుపెట్టే సంఖ్య ఎప్పుడూ ఒకటే కాబట్టి నది ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ఇక హింస సంగతంటారా? పై నుంచి చూసిన ఒక చిన్న విమానం, కింద నీలం గడుల మీద పడవలు, హెలికాప్టర్లు, పెట్రోలు ట్యాంకులు. మనిషి అన్నవాడు తెర మీద ఎక్కడా కనబడడు. బాన్ సంస్థకి మాత్రం ఇందులో పిల్లలు జాలి లేని యోధుడి పాత్రలోకి వెళ్ళిపోవడం, చిన్నతనంలోనే సైనిక శిక్షణ లాంటిది జరిగిపోవడం కనిపించాయి. 2002లో యాక్టివిజన్ పాత ఆటలన్నీ కలిపి సంకలనంగా తెస్తూ మళ్ళీ అడిగితే రివర్ రెయిడ్‌ని ఇండెక్సు నుంచి తీసేశారు. అప్పుడు దానికి దొరికిన రేటింగు: ఏ వయసువాళ్ళైనా ఆడుకోవచ్చు!

ఆ పద్దెనిమిదేళ్ళూ జర్మనీ పిల్లలు రివర్ రెయిడ్ ఆడకుండా కూర్చున్నారంటారా? 80ల్లో కమడోర్ 64 ఉన్న ప్రతి ఇంట్లో ఫ్లాపీల పెట్టె ఉండేది, బడి ఆవరణలో ఫ్లాపీలు చేతులు మారేవి. ఇండెక్సు జాబితా ప్రభుత్వమే అచ్చువేసేది. అంతకంటే మంచి కొనుగోళ్ళ చిట్టా కుర్రాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది?

అదే ఫ్లాపీల దారిలో అసలైన విషం కూడా తిరిగింది. 'కేజెడ్ మేనేజర్' అని ఒక ఆట. నాజీ మృత్యు శిబిరానికి మీరు మేనేజరు. ఇంతకంటే వర్ణించడం నాకిష్టం లేదు. 1991లో న్యూయార్క్ టైమ్స్ ఇలాంటి ఆటలు ఆస్ట్రియా, జర్మనీ కుర్రాళ్ళ మధ్య తిరుగుతున్నాయని రాస్తే ప్రపంచానికి తెలిసింది. అది ఇండెక్సులోకి ఎక్కింది, ఎక్కాలి కూడా. కానీ దాన్ని రాసినవాడికి కంపెనీ లేదు, షాపు లేదు, రేటింగు కోసం దరఖాస్తు పెట్టే ఉద్దేశం లేదు. పేరూ ఊరూ లేకుండా చేతి నుంచి చేతికి పోయే ఫ్లాపీని ఏ బోర్డు ఆపగలదు? చట్టం పట్టుకోగలిగేది చిరునామా ఉన్నవాడినే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

1992 మే నెలలో అమెరికాలో ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వుల్ఫెన్‌స్టైన్ 3డి వదిలారు. మొదటి భాగం ఉచితం, కాపీ చేసి పంచిపెట్టమని వాళ్ళే చెప్పారు. షేర్‌వేరు పద్ధతి అంటే అదే. నాజీ కోటలోంచి తప్పించుకునే ఖైదీ కథ. కోట గోడల నిండా నాజీ గుర్తు, హిట్లరు బొమ్మలు, పేరు పడేటప్పుడు నాజీ పార్టీ పాట ట్యూను. అమెరికాలో కూర్చుని రాసిన కుర్రాళ్ళకి అది విలను ఎవడో చెప్పే అలంకారం, అంతే. జర్మనీలో అది నేరం. అక్కడి శిక్షాస్మృతిలో 86ఏ అనే సెక్షను ఉంది. రాజ్యాంగానికి వ్యతిరేకమైన సంస్థల గుర్తులని బహిరంగంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు. 1994 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఆ ఆటని దేశమంతటా జప్తు చేయమంది. ఇండెక్సు వేరు, జప్తు వేరు. జప్తు అయినదాన్ని పెద్దవాళ్ళకి కూడా అమ్మకూడదు.

(ఇక్కడ మనవాళ్ళకి ఒక మాట. ఆ గుర్తుని జర్మన్లు 'హాకెన్‌క్రాయిజ్' అంటారు, కొక్కేల శిలువ అని అర్థం. మనం కొత్త బండికి, గుమ్మానికి, లెక్కల పుస్తకం మొదటి పేజీకి కుంకంతో వేసుకునే స్వస్తిక్ వేరే సంగతి. అయినా జర్మనీలో ఉండే మన ఇంజనీర్లు కారు బానెట్టు మీద వేసే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించుకోవడం మంచిది :))

ఆ చట్టం చెడ్డదని నేననను. ఆ దేశం ఏం చేసిందో ఆ దేశానికి తెలుసు కాబట్టి రాసుకుంది. పైగా అందులో ఒక తలుపు కూడా ఉంచారు. కళ, శాస్త్ర పరిశోధన, బోధన, వార్తాకథనం, ఇలాంటి వాటి కోసమైతే ఆ గుర్తులు చూపించవచ్చు. అందుకే షిండ్లర్స్ లిస్ట్ జర్మనీ థియేటర్లలో ఏ కత్తిరింపూ లేకుండా ఆడింది. చిక్కల్లా ఏంటంటే ఆ తలుపు ఆటలకి తెరవలేదు. 1998లో ఫ్రాంక్‌ఫర్ట్ పై కోర్టు ఇదే వుల్ఫెన్‌స్టైన్ 3డి కేసులో, ఆటల్లో ఇవి కనిపిస్తూ పోతే పిల్లలు ఆ గుర్తులకి అలవాటు పడిపోతారు, రేపు ఎవడైనా ఆ భావజాలం ఎక్కిస్తే సులభంగా ఎక్కించుకుంటారు అని తీర్పు చెప్పింది. మాటల్లో చెప్పకపోయినా లోపలున్న భావం ఇదీ: సినిమా కళ, గేము పిల్లల బొమ్మ. ఆ ఒక్క తీర్పు ఇరవై ఏళ్ళు నడిచింది. దాన్ని సవాలు చేయడానికి ఏ పబ్లిషరూ కోర్టుకి వెళ్ళలేదు. వెళ్తే లాయరు ఖర్చు, ఓడితే జైలు. దానికంటే కోడు మార్చడం చవక.

ఎలా మార్చారో చూస్తే మాత్రం మనలాంటివాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. గుర్తుల గొడవ ఒకటైతే రక్తం గొడవ ఇంకోటి. 'డూమ్' 1994లో ఇండెక్సు అయ్యాక మనుషుల్ని కాల్చే ప్రతి ఆటా ఇండెక్సుకి ఎక్కే ప్రమాదం ఉన్నట్టే. సరే, మనుషులు కాకపోతే? 1995 నాటి కమాండ్ అండ్ కాంకర్ జర్మనీ వెర్షనులో సైనికులంతా సైబోర్గులు అయిపోయారు. కారేది రక్తం కాదు, నల్ల నూనె. 2003లో దాని తర్వాతి ఆట 'జనరల్స్'లో ఒంటికి బాంబు కట్టుకుని వచ్చేవాడి స్థానంలో చక్రాల మీద దొర్లుకుంటూ ఒక బాంబు వస్తుంది. కార్మగెడన్ అని మనుషుల్ని కారుతో గుద్దే ఆట ఒకటి ఉంది. బ్రిటన్‌లో 1997లో సెన్సారు ఒప్పుకోకపోతే వాళ్ళని పచ్చ రక్తం కారే జాంబీలు చేశారు, జర్మనీలో రోబోలు చేశారు. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఎవడైనా పేలిపోతే కాళ్ళూ చేతులూ పడవు, స్ప్రింగులు, పళ్ళచక్రాలు, రబ్బరు బాతులు, బర్గర్లు పడతాయి.

వీటన్నిట్లో నాకు బాగా గుర్తుండిపోయింది 1998 నాటి హాఫ్-లైఫ్. ఒక రహస్య ప్రయోగశాలలో ప్రమాదం జరుగుతుంది. కాపాడటానికి సైన్యం వచ్చిందని శాస్త్రవేత్తలు ఎదురెళ్తే, సాక్ష్యం మిగలకుండా ఉండాలని సైన్యం వాళ్ళనే కాల్చేస్తుంది. ప్రభుత్వం తన మనుషుల్ని తనే చంపించడం, కథకి ప్రాణం అది. జర్మనీ వెర్షనులో ఆ సైనికులు రోబోలు. శాస్త్రవేత్తని కాలిస్తే చావడు, నేల మీద చతికిలపడి తల అడ్డంగా ఊపుతూ కూర్చుంటాడు. హింస తగ్గిందా అంటే తగ్గింది. దాంతోపాటు ఆట అడిగిన ప్రశ్న కూడా పోయింది. రోబో ఆజ్ఞ పాటిస్తే అందులో ఆశ్చర్యపడాల్సింది ఏముంది?

ఇక దాటే పద్ధతులు. పబ్లిషర్లు రెండు ఆటలు రాయరు కదా, ఒకే కోడు, జర్మనీకి ఒక ఫ్లాగు. ఫ్లాగు ఉన్నచోట దాన్ని తిప్పేవాడు ఉంటాడు. హాస్టల్లో ల్యాన్ కట్టుకుని కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్ళకి కాన్ఫిగు వేరియబుల్సులో 'వయొలెన్స్ హెచ్‌బ్లడ్', 'వయొలెన్స్ ఏబ్లడ్' అనేవి గుర్తుండొచ్చు. హెచ్ అంటే మనిషి, ఏ అంటే గ్రహాంతర జీవి. ఒకటి పెడితే రక్తం ఉంటుంది, సున్నా పెడితే ఉండదు. నేనూ హాస్టల్లో అది చూసి ఎవరికి పనికొస్తుందా ఇది అనుకునేవాణ్ణి. హాఫ్-లైఫ్ నుంచి వారసత్వంగా వచ్చిన మీట అది. జర్మనీ ఇన్‌స్టలేషనులో ఆ మీట సున్నా దగ్గర బిగించేసి వచ్చేది. దాన్ని విప్పే చిన్న ఫైళ్ళని అక్కడ 'బ్లూట్‌ప్యాచ్' అనేవాళ్ళు, రక్తపు ప్యాచ్ అని. కొన్ని కిలోబైట్లు అంతే. ఆట వచ్చిన వారంలోపే ప్యాచ్ కూడా వచ్చేసేది. ఏ ఆటలో ఏ సెకండులో ఏం కోశారో రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి చూపించే 'ష్నిట్‌బెరిష్టె' లాంటి సైట్లు కూడా పుట్టాయి. క్యూఏ ఇంజనీర్లు సిగ్గుపడేంత శ్రద్ధ.

ఫైలులోనే లేనిదాన్ని ప్యాచ్ తేలేదు. డూమ్ 2లో 31, 32 లెవెళ్ళు పాత వుల్ఫెన్‌స్టైన్ కోటకి జోహారుగా పెట్టిన రహస్య లెవెళ్ళు. జర్మనీ వెర్షనులో అవి అసలు లేవు. అలాంటప్పుడు ఆస్ట్రియా. పక్క దేశం, అదే భాష, ఇండెక్సు లేదు. జర్మన్ డబ్బింగుతోనే కోత లేని డబ్బా అక్కడి షాపుల్లో దొరికేది. జర్మనీ కుర్రాళ్ళకి పోస్టులో పంపించడమే వ్యాపారంగా పెట్టుకున్న ఆస్ట్రియా షాపులు బాగానే బతికాయి. జర్మనీ షాపువాడికి రావాల్సిన డబ్బు సరిహద్దు దాటి వెళ్ళింది, ఆట మాత్రం సరిహద్దు దాటి లోపలికి వచ్చింది.

బాన్ సంస్థ వాళ్ళు తలకాయ లేనివాళ్ళు అనుకుంటారేమో, అది అన్యాయం. 2002 ఏప్రిల్ 26న ఎర్ఫుర్ట్ ఊళ్ళో ఒక మాజీ విద్యార్థి తన బడిలోకి తుపాకీతో వెళ్ళి 16 మందిని చంపి తనని తాను కాల్చుకున్నాడు. దేశమంతా కౌంటర్ స్ట్రైక్ మీద పడింది. పత్రికలు, నాయకులు, అందరూ. మూడు వారాలు తిరక్కుండా మే నెలలో బాన్‌లో ఆ ఆట మీద విచారణ పెట్టారు. ఆ వేడిలో ఇండెక్సులో వేసేస్తే చప్పట్లు కొట్టేవాళ్ళే తప్ప అడిగేవాడు లేడు. బోర్డు వేయలేదు. ఇందులో కాల్చడం ఒక్కటే లేదు, జట్టుగా వ్యూహం పన్నుకుని మాట్లాడుకుంటూ ఆడటం ఉంది అని లెక్కలోకి తీసుకుంది. నాకు ఈ కథంతటిలో గౌరవం కలిగిన చోటు ఇదే. ఆ తర్వాత 2003 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి, యూఎస్‌కే అనే సంస్థ ఇచ్చే వయసు రేటింగు తప్పనిసరి అయింది. ఒకసారి రేటింగు దొరికిందా, ఇక ఇండెక్సు దాని జోలికి రాకూడదు. మంచి మార్పే. కాకపోతే రేటింగు దొరకడం కోసం కంపెనీలు తమంతట తామే ముందుగా కోసుకోవడం ఇంకా పెరిగింది.

మన దగ్గర పబ్జీ సంగతి ఇక్కడ గుర్తు రాక తప్పదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లని నిషేధించారు. కారణం హింస కాదు, చైనాతో సరిహద్దు గొడవల మధ్య డేటా భద్రత అన్నారు. మా ఆఫీసులో లంచ్ తర్వాత ఆడే బ్యాచ్ రెండ్రోజులు దిగాలుగా ఉండి, మూడోరోజు కొరియా వెర్షను ఏపీకే దించుకుని వీపీఎన్‌తో మళ్ళీ మొదలెట్టింది. 2021 జూలైలో క్రాఫ్టన్ కంపెనీ బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు అందులో రక్తం రంగు పచ్చ! డేటా గొడవకీ రక్తం రంగుకీ సంబంధం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. కార్మగెడన్ జాంబీల రంగే ఇరవై నాలుగేళ్ళ తర్వాత మన ఫోన్లలోకి వచ్చిందన్నమాట. 2022 జూలైలో దాన్నీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. సరే, రామాయణంలో పిడకల వేట వద్దు, జర్మనీకి పోదాం.

2009 ఆగస్టు చూడండి. టరంటీనో సినిమా 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' జర్మనీలో విడుదలైంది. తీసింది కూడా చాలామటుకు బెర్లిన్ పక్కనున్న బాబెల్స్‌బర్గ్ స్టూడియోలోనే. తెరనిండా నాజీ గుర్తులు, చివర్లో హిట్లరుని తుపాకీతో జల్లెడ చేయడం. ఏ ఇబ్బందీ లేదు, కళ కదా. అదే నెలలో ఆ ఏటి వుల్ఫెన్‌స్టైన్ ఆట జర్మనీ షాపుల్లోకి వచ్చింది. గుర్తులన్నీ జాగ్రత్తగా తీసేశారు, రక్తమూ తగ్గించారు. ఎక్కడో ఒక మూల ఒక్క గుర్తు మిగిలిపోయింది. మామూలుగా ఆడేటప్పుడు కంటపడేది కూడా కాదని యాక్టివిజనే చెప్పుకుంది. అయినా సెప్టెంబరులో షాపుల్లో ఉన్న డబ్బాలన్నీ వెనక్కి పిలిపించుకున్నారు. టెస్టింగులో ఒక్క టెక్స్చరు తప్పిపోతే ఒక దేశం మొత్తం రీకాల్. ఆ టీములో పనిచేసిన టెస్టరు ఎవరో గానీ పాపం.

స్టీమ్ వచ్చాక ఆస్ట్రియా దారి కూడా మూసుకుపోయింది. 2014లో 'ది న్యూ ఆర్డర్' వచ్చినప్పుడు జర్మనీతో పాటు ఆస్ట్రియాని కూడా అదే కోసిన వెర్షనులో కలిపి తాళం వేశారు. ఆస్ట్రియా చట్టం అడిగిందని కాదు, రెండు దేశాలకీ భాష ఒకటే కనుక ఒక బిల్డుతో సరిపెట్టడం కంపెనీకి సులభం. దాటేవాళ్ళు విదేశీ కీ కొని, వీపీఎన్‌లో యాక్టివేట్ చేసుకునేవాళ్ళు. కానీ ఫ్లాపీ రోజులకీ దీనికీ తేడా ఉంది. స్టీమ్ ఒప్పందం ప్రకారం ఉన్న దేశం దాచిపెట్టడం తప్పు, అకౌంటు పోవచ్చు. ఒక్క ఆట కోసం కక్కుర్తిపడితే అంతకుముందు కొన్న రెండొందల ఆటలూ పోతాయన్న భయం. పోలీసు చేయలేని పనిని టర్మ్స్ అండ్ కండిషన్స్ చేశాయి.

వీటిలో నన్ను బాగా కదిలించింది షూటింగు ఆట కాదు. ప్రాగ్‌లో చార్లెస్ యూనివర్సిటీ వాళ్ళు, చెక్ సైన్సెస్ అకాడమీ వాళ్ళు కలిసి 2017లో 'అటెంటాట్ 1942' అనే ఆట చేశారు. నాజీల ఆక్రమణలో బతికిన మామూలు జనం జ్ఞాపకాలని ఒక మనవడో మనవరాలో తాతనీ నాయనమ్మనీ అడిగి తెలుసుకోవడం, అదే ఆట. తుపాకీ లేదు, స్కోరు లేదు. చరిత్రకారులు దగ్గరుండి చేయించిన పని. నాజీ గుర్తులు కనిపిస్తాయి కాబట్టి, ఎవరి తాతల గురించి ఆ ఆటో వాళ్ళకే, అంటే జర్మన్లకే, దాన్ని అమ్మలేకపోయారు. కేజెడ్ మేనేజర్ ఫ్లాపీలు బడి ఆవరణల్లో తిరగగలిగిన దేశంలో యూనివర్సిటీ వాళ్ళ ఆటకి తలుపు మూసి ఉంది. ఎందుకంటే వాళ్ళకి చిరునామా ఉంది, రేటింగు కోసం పద్ధతిగా వెళ్ళాల్సినవాళ్ళు వాళ్ళే.

చివరికి ఈ ముడి విప్పింది బ్లూట్‌ప్యాచ్ కాదు, వీపీఎన్ కాదు, ఒక వెకిలి ఆట. 2017 ఎన్నికలప్పుడు ప్రభుత్వ టీవీ వాళ్ళ యువ విభాగం 'ఫుంక్' ఒక బ్రౌజరు గేము పెట్టింది, 'బుండెస్‌ఫైటర్ 2 టర్బో'. స్ట్రీట్ ఫైటర్‌కి పేరడీ, కొట్టుకునేవాళ్ళంతా రాజకీయ నాయకులు. ఏఎఫ్‌డీ నాయకుడు గౌలాండ్ తన స్పెషల్ మూవులో నాజీ గుర్తు ఆకారంలోకి మారిపోతాడు. ఎవరో ఫిర్యాదు చేశారు. స్టుట్‌గార్ట్ ప్రాసిక్యూషన్ కార్యాలయం కేసు పెట్టనంది. 1998 తీర్పు నాటికి ఆటలు వేరు, ఇప్పటి ఆటలు వేరు, సినిమాకి వర్తించే కళ మినహాయింపు వీటికీ వర్తించొచ్చు అన్నది దాని వాదన. అంతే, ఆ ఒక్క కాగితాన్ని పట్టుకుని 2018 ఆగస్టు 9న యూఎస్‌కే ప్రకటించింది: ఇకమీదట నాజీ గుర్తు ఉన్న ఆటనీ చూస్తాం, ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలించి ఒప్పుకోవాలో లేదో తేలుస్తాం. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఆట అంటే ఏమిటన్న అవగాహన.

అదే నెలలో కొలోన్‌లో జరిగిన గేమ్స్‌కామ్ ప్రదర్శనలో బెర్లిన్ స్టూడియో పెయింట్‌బకెట్ గేమ్స్ వాళ్ళ 'త్రూ ద డార్కెస్ట్ ఆఫ్ టైమ్స్' నాజీ గుర్తులతో సహా పెట్టారు. 1933 నుంచి 1945 దాకా బెర్లిన్‌లో నాజీలని ఎదిరించే ఒక చిన్న రహస్య బృందాన్ని నడపడం ఆ ఆట. కరపత్రాలు పంచాలి, దొరికిపోకూడదు, గెలవడం మీ చేతుల్లో లేదు. ప్రాగ్ వాళ్ళ ఆటకి కూడా రేటింగు వచ్చి జర్మనీలో అమ్మకానికి దొరికింది. 2019 జూలైలో వుల్ఫెన్‌స్టైన్ యంగ్‌బ్లడ్ వచ్చినప్పుడు జర్మనీ షాపులో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టారు, ఒకటి కోసింది, ఒకటి కోయనిది. ఏది కొంటావో నీ ఇష్టం అన్నారు.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా క్లాస్‌మేటు ఒకడు ఈ మధ్య ఫోను చేసి, "ఒరేయ్, నువ్వు చెప్పిన ఆట నాకు స్టోరులో కనబడట్లేదురా, హైదరాబాదులో నీకెలా కనబడుతోంది?" అని అడిగాడు. ఏదో పాత చిన్న పజిల్ గేము, అందులో రక్తం లేదు, నాజీలు లేరు. చూస్తే విషయం ఇదీ: 2024 నవంబరు 15 నుంచి వయసు రేటింగు లేని ఆటలని జర్మనీలో స్టీమ్ చూపించట్లేదు. రేటింగు రావాలంటే ఆట తయారుచేసినవాడు స్టీమ్ ఇచ్చే ప్రశ్నల ఫారం నింపాలి. పది నిమిషాల పని. మావాడు అడిగిన ఆట రాసినవాడు ఎప్పుడో ఆ పని మానేసినట్టున్నాడు, ఏళ్ళ తరబడి అప్‌డేటు లేదు. ఆ ఫారం నింపేవాళ్ళు ఎవరూ లేరు.